రోజుకు ఒక్కటేగా!

పేరు, వయసు, బీపీ, షుగరు రాసుకున్నాక నర్సమ్మ తల ఎత్తకుండానే అడుగుతుంది: ‘‘సిగరెట్లు తాగుతారా?’’ ఎదుటి కుర్చీలో ఉన్నాయన ఒక్క క్షణం ఆగి, పక్కనున్న భార్య వైపు ఓరగా చూసి, ‘‘అలవాటంటూ ఏం లేదమ్మా. ఎప్పుడైనా నలుగురం కూర్చున్నప్పుడు ఒకటీ అరా’’ అంటాడు. ఆమె ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టేస్తుంది. కాగితంలో ‘ఉంది’, ‘లేదు’ అని రెండే గడులున్నాయి మరి. ఒకటీ అరాకి గడి లేదు.

ఆ లేని గడిలో ఉండాల్సినవాళ్ల గురించే ఈ కథనం. పదకొండు గంటల చాయ్‌తో ఒక్కటి కాల్చి మళ్లీ మర్నాటిదాకా ముట్టనివాళ్లు, రాత్రి భోజనమయ్యాక డాబా మీద ఒక్కటి ముగించి పిప్పరమెంటు చప్పరిస్తూ కిందికి దిగేవాళ్లు, శనివారం మందు బల్ల దగ్గర తప్ప మరెక్కడా వెలిగించనివాళ్లు, జేబులో ఏనాడూ పెట్టె లేకపోయినా పక్కవాడి పెట్టెలోంచి ‘ఒకటివ్వు మామా’ అని లాగేవాళ్లు. వీళ్లలో ఎవర్ని అడిగినా తాము పొగరాయుళ్లమంటే ఒప్పుకోరు. పొగరాయుడంటే వాళ్ల దృష్టిలో వేరే మనిషి. పెదాలు నల్లబడి, వేళ్లు పసుపెక్కి, తెల్లారేసరికి దగ్గుతో వీధిని లేపేవాడు.

పెట్టెలకు పెట్టెలు ఊదేసేవాడికి ఊరంతా హితవు చెబుతుంది. ఇల్లాలు పోరుతుంది, డాక్టరు బెదిరిస్తాడు, పిల్లలు అలుగుతారు. ఒకటీ అరా మనిషికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. పైగా ‘బాగా తగ్గించేశావు, ఇంకేం’ అని మెచ్చుకుంటారు. అలా మెప్పు పొందిన సిగరెట్టు పాతికేళ్లు నిక్షేపంగా సాగుతుంది. వైద్యం, చట్టం, ఇల్లు మూడూ పట్టించుకోని అలవాటు మన మధ్య ఏదైనా ఉందంటే అది ఇదే.

ఇరవయ్యో వంతు కాదు

రోజుకు ఇరవై కాల్చేవాడికి ఇంత ముప్పు అనుకుంటే, ఒకటి కాల్చేవాడికి అందులో ఇరవయ్యో వంతే ఉండాలి. అంటే నూటికి ఐదు పాళ్లు. బడిలో నేర్చుకున్న లెక్క ఇదే చెబుతుంది, మనసుకూ హాయిగా ఉంటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన అలన్ హ్యాక్‌షా బృందం సరిగ్గా ఈ లెక్కనే తిరగేసి చూసింది. అంతకుముందు జరిగిన 141 అధ్యయనాలను ఒకచోట చేర్చి, 2018 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం వెల్లడించింది. పొగ జోలికి పోని మగవాళ్లతో పోలిస్తే రోజుకు ఇరవై కాల్చే మగవాళ్లకు గుండె రక్తనాళాల జబ్బు ముప్పు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ. రోజుకు ఒక్కటే కాల్చేవాళ్లకు? 48 శాతం ఎక్కువ. ఇరవై సిగరెట్లు కలిసి తెచ్చిపెట్టే అదనపు ముప్పులో దాదాపు సగం ఆ మొదటి ఒక్కటే తెచ్చేస్తోందన్నమాట. ఆడవాళ్లకైతే ఆ ఒక్కదానితోనే 57 శాతం పెరుగుతోంది.

ఇది ఒక్క బృందం మాట కాదు. నార్వేలో 1970ల నడుమ 40 వేల మందికి పైగా జనాన్ని పరీక్షించి, 2002 వరకు వాళ్ల బతుకూ చావూ గమనించారు. రోజుకు ఒకటి నుంచి నాలుగు సిగరెట్లు కాల్చినవాళ్లు గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు, ఎన్నడూ కాల్చనివాళ్ల కన్నా దాదాపు మూడు రెట్లుంది. ఆ పరిశోధకులే ఇంకో సంగతీ చూశారు. రోజుకు పదిహేనూ ఇరవై కాల్చేవాళ్లు అందులో సగానికి సగం తగ్గించుకుంటే ఆయుష్షు పెరుగుతుందా అని. పెరిగిన జాడ కనపడలేదు. ‘తగ్గించేశాన్లెండి’ అని గర్వంగా చెప్పుకునేవాళ్లకు ఇది చేదు మాటే.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు 2016లో ఇంకా కిందికి దిగారు. రోజుకు ఒకటి కూడా కాదు, సగటున ఒకటి కన్నా తక్కువ కాల్చే అలవాటు జీవితమంతా అలాగే నడిచినవాళ్లను విడదీసి చూశారు. ఏ కారణం వల్లనైనా చనిపోయే ముప్పు, పొగ ముట్టనివాళ్ల కన్నా వాళ్లలో 64 శాతం ఎక్కువ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయే ముప్పు దాదాపు తొమ్మిది రెట్లు.

ఎందుకిలా? గుండె సంగతి వేరు, ఊపిరితిత్తుల సంగతి వేరు. పొగ కొద్దిగా తగిలినా రక్తంలోని ప్లేట్‌లెట్లు జిగురెక్కి గడ్డ కట్టడానికి సిద్ధమవుతాయి, రక్తనాళాల లోపలి పొర సాగే గుణం తగ్గుతుంది. ఈ మార్పులు మొదటి సిగరెట్టుతోనే చాలావరకు జరిగిపోతాయి. తర్వాతి పందొమ్మిది కలిపేది తక్కువ. పక్కవాడి పొగ పీల్చే ఇల్లాలికే గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుందని వైద్య లోకం ఎప్పుడో తేల్చింది. ఊదేవాడికే తగలదనుకోవడం ఏం న్యాయం? ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో మాత్రం తక్కువ కాల్చితే ముప్పు తక్కువే. కాకపోతే అక్కడ ఎన్ని కాల్చావన్న దానికన్నా ఎన్నేళ్లు కాల్చావన్నది పెద్ద లెక్క. రోజుకు రెండు చొప్పున ముప్పై ఏళ్లు లాగే మనిషి ఆ రెండో లెక్కలోనే దొరికిపోతాడు.

ఇక్కడ ఎవరో ఒకరు తాతను తీసుకొస్తారు. ‘మా తాత పొద్దస్తమానం చుట్ట కాల్చాడు, తొంభై ఏళ్లు గుండ్రాయిలా ఉన్నాడు’ అని. ఉండొచ్చు. యాభై రెండుకే పోయిన తాత గురించి ఏ మనవడూ కథలు చెప్పడు. చెప్పడానికి ఆ మనవడు ఆయన్ను చూసి ఉండడు.

లైట్స్, బీడీ, చుట్ట, హుక్కా

తక్కువ కాల్చేవాళ్లకు ‘తేలికపాటి’ సరుకంటే మక్కువ ఎక్కువ. పెట్టె మీద తెలుపో వెండి రంగో ఉంటే మెత్తని సిగరెట్టని నమ్మకం. ఫిల్టరు చుట్టూ కంటికి ఆనని సన్న రంధ్రాలుంటాయి. యంత్రంతో పీల్చి కొలిచినప్పుడు వాటిలోంచి గాలి చొరబడి తారు తక్కువని చూపిస్తుంది. మనిషి యంత్రం కాడు. వేళ్లతో, పెదాలతో ఆ రంధ్రాలు మూసేస్తాడు, దమ్ము గట్టిగా లాగుతాడు, లోపల కాసేపు ఎక్కువ నిలుపుకుంటాడు. యంత్రం కొలతకీ మన ఒంటికీ పొంతన లేదు.

బీడీది ఇంకో భ్రమ. చిన్నది, ఆకు చుట్ట, మందులూ గిందులూ కలపనిది అని. తునికాకు సులువుగా కాలదు కాబట్టి ఆరిపోకుండా పదేపదే లాగాలి. అలా సిగరెట్టు కన్నా తారూ, కార్బన్ మోనాక్సైడూ ఎక్కువే లోపలికి చేరతాయి. వారాంతపు హుక్కా అయితే చెప్పక్కర్లేదు. ఒక గంట కూర్చుంటే పీల్చే పొగ పరిమాణం సిగరెట్టు పొగకు వంద రెట్లు దాటిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులే హెచ్చరించారు. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధించింది. మంచి పనే. కానీ ఆ పార్లర్ల నుంచి లేచినవాళ్లు పొగ మానలేదు, చోటు మార్చారంతే.

చుట్ట దగ్గర కాస్త ఆగాలి. గోదావరి లంక పొగాకుకు పేరు పడ్డ నేల మనది. గిరీశం చేతికి చుట్ట ఇవ్వకుండా గురజాడకే సాగలేదు. అయితే శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో ఆడవాళ్లు తాగే తీరు ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కింది. అడ్డపొగ. చుట్టను మండే కొస లోపలికి వచ్చేలా నోట్లో పెట్టుకుని, పని చేసుకుంటూనే పీల్చడం. కాసేపు పీల్చి ఆర్పి, మళ్లీ వెలిగించుకుంటే ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది. లెక్క చూస్తే వాళ్లదీ ‘తక్కువ’ అలవాటే. డెన్మార్క్‌కు చెందిన నోటి వైద్య శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, భారతీయ పరిశోధకులు కలిసి ఆ పల్లెల్లో 10 వేల మందికి పైగా జనం అంగిళ్లు పరీక్షించి 1971లో ప్రచురించారు. మామూలుగా అరుదైన అంగిటి క్యాన్సర్ ఇక్కడ ఎందుకు ఎక్కువో అప్పుడు లోకానికి తెలిసింది. ఆ అమ్మలు ఎన్ని కాలుస్తారని అడిగితే ‘ఒకటే బాబూ’ అనే అని ఉంటారు.

విడి సిగరెట్టు

హైదరాబాద్‌లో పాన్ డబ్బా, కోస్తాలో బడ్డీ కొట్టు, కిళ్లీ కొట్టు. పేరేదైనా తంతు ఒకటే. ‘అన్నా, ఒక చిన్న గోల్డ్’ అంటే చాలు, పెట్టెలోంచి ఒక్కటి తీసి చేతికిస్తారు. వెలిగించుకోవడానికి ఒకప్పుడు నిప్పంటించిన కొబ్బరి తాడు వేలాడేది, ఇప్పుడు దారానికి కట్టిన లైటర్. పదీ ఇరవై రూపాయల పని. చిల్లరగా కొంటాడు కాబట్టి నెలకెంత తగలేశాడో కొన్నవాడికే తెలియదు. పెట్టె కొంటే ఇంట్లో దొరుకుతుంది, తనకు తానే దొరుకుతాడు. విడిగా కొంటే రెండు బాధలూ లేవు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని 2016 ఏప్రిల్ నుంచి నిబంధన. మానాలనుకునేవాళ్లు ఫోను చేయడానికి ఉచిత నంబరు కూడా ముద్రించాలని 2018 సెప్టెంబరు నుంచి జోడించారు. విడిగా కొనేవాడి చేతికి ఆ పెట్టె రానే రాదు. బొమ్మా చూడడు, నంబరూ చూడడు. ఎవరికి ఎక్కువ చెప్పాలో వాళ్లకే చేరని హెచ్చరిక ఇది. విడి అమ్మకాలు ఆపడానికి ప్రయత్నించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒప్పందంలోని 16వ అధికరణం చెబుతోంది. మన దేశం 2004లోనే దాన్ని ఆమోదించింది. కర్ణాటక 2017లో, మహారాష్ట్ర 2020లో విడి అమ్మకాన్ని నిషేధించాయి. నిషేధాన్ని డబ్బా దగ్గర అమలు చేయడం కష్టమని నాకూ తెలుసు. ఆ చిన్న కొట్టువాడి బతుకూ చూడాలి. అయినా ఒంటి సిగరెట్టు దొరకనప్పుడు ఈ ఒకటీ అరా మనుషుల్లో ఎంతమంది పెట్టె కొని జేబులో పెట్టుకుంటారు? చాలామంది కొనరని నా నమ్మకం.

‘మనం మానేస్తే గుంటూరు, ఒంగోలు రైతు గతేంటి’ అనేవాళ్లూ ఉన్నారు. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులో ఉన్నమాట నిజమే, ప్రకాశం జిల్లా బ్యారన్లు మండుతున్నమాటా నిజమే. అక్కడి వర్జీనియా ఆకులో పెద్ద వాటా ఓడలెక్కి విదేశాలకు పోతుంది. రైతు మీద ప్రేమను డాబా మీద దాక్కుని చూపించాల్సిన పనిలేదు.

దేశం మొత్తం మీద పొగాకు వాడకం తగ్గుతోంది. పెద్దవాళ్లలో ఏదో ఒక రూపంలో వాడేవాళ్లు 2009–10 జాతీయ సర్వేలో 34.6 శాతం ఉంటే, 2016–17 నాటికి 28.6 శాతానికి దిగారు. సంతోషమే. కానీ ఆ సర్వే మనిషి ఇంటికొచ్చి అడుగుతాడు. పిప్పరమెంటు చప్పరించేవాళ్లు ఏం చెప్పారో ఊహించుకోవచ్చు. పెళ్లి కాని అమ్మాయి అయితే ఇక అడగనే అక్కర్లేదు. ఐటీ కారిడార్‌లో మగవాళ్లతో సమానంగా చాయ్ బండి దగ్గర నిలబడి ఒకటి వెలిగించే అమ్మాయిలు ఇంటికెళ్లేలోపు మొహం, చేతులు, దుపట్టా అన్నీ కడుక్కోవాలి, కనీసం సెంటు కొట్టుకోవాలి. నైతికత పేరుతో వాళ్లను వేలెత్తి చూపడం నాకు ఇష్టం లేదు. మగవాడికి లేని తప్పు ఆడపిల్లకెందుకు? ఒక్క ముక్క మాత్రం చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతూ, వయసు ముప్పై ఐదు దాటి, సిగరెట్టూ ఉంటే రక్తం గడ్డకట్టే ముప్పు బాగా పెరుగుతుంది. డాక్టరు దగ్గరైనా నిజం చెప్పాలి.

నిజం చెప్పాల్సిన చోటు ఇంకొకటుంది. ఆరోగ్య, జీవిత బీమా దరఖాస్తులో పొగాకు గడి. ‘నేనేమంత తాగుతానని’ అనుకుని ‘లేదు’ అని రాసేస్తే, మూత్రపరీక్షలో కొటినిన్ దొరకవచ్చు. నికోటిన్ విరిగి తయారయ్యే ఈ పదార్థం ఒక్క సిగరెట్టు తర్వాత కూడా కొన్నాళ్లు ఒంట్లో కనపడుతుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం జీవిత బీమా పాలసీ తీసుకున్న మూడేళ్ల లోపు దాచిన నిజం బయటపడితే క్లెయిము ఇరకాటంలో పడుతుంది. తాగేది ఒకటీ అరా అయినా కంపెనీ లెక్కలో మీరు పొగతాగేవారే.

నలభై ఒక్క రోజుల రుజువు

రోజూ కాల్చకపోయినా మానలేకపోవడం వింతగానే ఉంటుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త సాల్ షిఫ్‌మన్ 1980ల చివర్లో ఈ వింత వెంట పడ్డాడు. రోజుకు ఐదు లోపే, ఏళ్ల తరబడి కాల్చేవాళ్లను పోగేశాడు. వాళ్లకు సిగరెట్టు లేకపోతే ఒళ్లు పీకదు, చిరాకు పుట్టదు, నిద్ర చెడదు. నికోటిన్ దాహంతో కాదు, సందర్భం వచ్చిందని కాలుస్తారు. మందు, స్నేహితులు, పక్కవాడు వెలిగించడం. ఇవే వాళ్ల అగ్గిపుల్లలు.

అలాగని మెదడు ఊరికే ఉందనుకోకూడదు. ఒకటి రెండు దమ్ములకే మెదడులోని నికోటిన్ గ్రాహకాల్లో సగం నిండిపోయి, మూడు గంటలదాకా అలాగే ఉంటాయని 2006లో స్కానింగుల్లో చూశారు. మసాచుసెట్స్ వైద్యుడు జోసెఫ్ డిఫ్రాంజా కుర్రాళ్లను గమనిస్తే, రోజూ కాల్చే స్థితికి రాకముందే కొందరిలో బానిసత్వపు లక్షణాలు మొదలయ్యాయి. ఒక్కటి రుచి చూసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది కనీసం కొంతకాలం రోజూ కాల్చేవాళ్లయ్యారని బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సర్వేల్ని కలిపి 2018లో లెక్క తేల్చారు. కాలేజీ కుర్రాడి ఒకటీ అరాకి, నలభై ఏళ్లాయన ఒకటీ అరాకి తేడా అక్కడుంది. కుర్రాడిది పెరగవచ్చు. పెద్దాయనది పెరగదు, దానంతటది పోదు.

తల్చుకుంటే పెద్దాయనదీ పోతుందనడానికి రుజువు కోసం పిట్స్‌బర్గ్ దాకా వెళ్లక్కర్లేదు. కార్తీకం వస్తే మన వీధిలోనే నల్లబట్టలు కట్టుకుని కనపడుతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు మండల దీక్ష 41 రోజులు. తెల్లవారుజామున చన్నీళ్లు, చెప్పుల్లేని నడక, నేల మీద పడక, ఒంటిపూట భిక్ష. మాంసం లేదు, మందు లేదు, సిగరెట్టు లేదు. రోజుకు రెండు కాల్చేవాళ్లే కాదు, పెట్టె ముగించేవాళ్లూ ఆ రోజు పొద్దున గురుస్వామి మెడలో మాల వేయగానే ఆపేస్తారు. గమ్‌లు లేవు, మాత్రలు లేవు, కౌన్సెలింగు లేదు. చాటుగా దమ్ము లాగే స్వాములు ఒకరిద్దరు ఉండరని కాదు. ఉంటారు, అందరికీ తెలుస్తుంది కూడా. అత్యధికులు మాత్రం నిష్ఠగా గడుపుతారు. విజయవాడ దుర్గమ్మ భవానీ దీక్షలోనూ ఇదే జరుగుతుంది. రంజాన్ నెలలో పాతబస్తీలో మంచినీళ్లు కూడా ముట్టకుండా పగలంతా గడిపేవాళ్ల సంగతీ ఇదే.

వైద్యశాస్త్రం కళ్లతో ఈ 41 రోజుల్ని చూడండి. సిగరెట్టు ఆపాక వచ్చే చిరాకూ తహతహా మొదటి వారంలోనే తీవ్రంగా ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. అలవాటు వల్ల మెదడులో పెరిగిన గ్రాహకాలు మామూలు స్థాయికి దిగడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మండల దీక్ష దాదాపు ఆరు వారాలు. శబరిమల నుంచి బస్సు దిగేసరికి స్వామి ఒంట్లో నికోటిన్ పట్టు చాలావరకు వదిలిపోయి ఉంటుంది. అయినా మాల తీసిన సాయంత్రమే డబ్బా దగ్గర కనపడతాడు. ఎందుకు?

ఒళ్లు అడిగి కాదు. దీక్షలో ఉన్నన్నాళ్లూ అందరూ అతన్ని ‘స్వామీ’ అన్నారు. సొంత భార్య కూడా. స్వామికి సిగరెట్టు ఇవ్వజూపడం పాపం కాబట్టి ఏ స్నేహితుడూ పెట్టె చాపలేదు. సాయంత్రాలు బారులో కాకుండా భజనలో గడిచాయి. మాల తీయగానే అతను మళ్లీ ‘మామా’ అయ్యాడు. పాత బల్ల, పాత జట్టు, చాపిన పెట్టె, మూడూ ఎదురొచ్చాయి. వాటి ముందు నిలబడేందుకు అతనేమీ ఏర్పాటు చేసుకోలేదు. చేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. దీక్షలకు గురుస్వాములున్న ప్రతి ఊళ్లో, ‘మాల తీసినా సిగరెట్టు ముట్టను’ అని స్వామి సన్నిధిలో ఒక్క మాట పలికించే ఆనవాయితీ పెడితే ఎంత బాగుండేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంది. దేశమంతా పెట్టిన పొగాకు విరమణ కేంద్రాలకన్నా అది ఎక్కువ మందిని మాన్పించవచ్చు.

మానాలంటే

పెట్టెలు కాల్చేవాడికి చెప్పే సలహాలు ఈ మనిషికి సగమే పనికొస్తాయి. నికోటిన్ గమ్ సంగతే చూడండి. రోజూ కాల్చేవాళ్లకు అది ఆసరా. అప్పుడప్పుడు కాల్చేవాళ్లకు ఇచ్చి చూసిన షిఫ్‌మన్ ప్రయోగంలో చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. లేని దాహానికి నీళ్లిచ్చి లాభమేంటి? మీరు కాల్చేవి తక్కువే అయినా, నిద్ర లేచిన అరగంటలోపు మొదటిది వెలిగిస్తున్నారా? అప్పుడు మీది దాహమే. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే 2 మిల్లీగ్రాముల గమ్ గురించి డాక్టరుతో మాట్లాడండి. దాన్ని బబుల్‌గమ్‌లా ఆపకుండా నమలకూడదు. నాలుకకు చుర్రుమనగానే నమలడం ఆపి బుగ్గలో పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి.

మిగతావాళ్లు ఎన్ని కాలుస్తున్నారో లెక్కపెట్టుకోవడం మానేయాలి. ఆ లెక్కే మిమ్మల్ని ఇన్నాళ్లూ జోకొట్టింది. ఒక వారం పాటు ఎక్కడ, ఎవరితో, ఏ వేళ, చేతిలో ఏముండగా వెలిగించారో ఫోనులో రాసుకోండి. వారం తిరిగేసరికి నాలుగైదు పేర్లూ, రెండు మూడు చోట్లూ తేలతాయి. చాలామందికి అందులో మొదటిది మందు బల్ల అయి ఉంటుంది. నెల రోజులు ఆ బల్ల దగ్గరికి వెళ్లకుండా ఉండగలిగితే సగం పని అయిపోయినట్టే. తాగుతూ మానతానన్న శపథం రెండో పెగ్గుకు నిలవదు.

ఆఫీసు చాయ్ వేళను మాత్రం వదులుకోవద్దు. నాలుగు గంటలు తెర ముందు కూర్చున్నవాడికి పది నిమిషాలు బయటికి రావడం హక్కు. చాయ్ తాగండి, జట్టుతో కబుర్లాడండి, కాల్చేవాళ్లకు గాలి వాలు తప్పించి నిలబడండి. పక్కవాడు పెట్టె చాపితే ‘ఇవాళ వద్దులే’ అనకండి, రేపు మళ్లీ చాపుతాడు. ‘మానేశాన్రా, ఇకనుంచి నాకివ్వకు’ అని అందరి ముందూ ఒకసారి చెప్పేయండి. వెక్కిరిస్తారు. నాలుగు రోజులు వెక్కిరించి ఊరుకుంటారు. మన స్నేహాల్లో సిగరెట్టు ఇవ్వడం మర్యాద, తీసుకోకపోవడం అమర్యాదేం కాదు.

రోజుకు ఒకటి నుంచి రెండు రోజులకొకటికి, ఆపై వారానికొకటికి దిగుతానంటారు కొందరు. మానదలచినవాళ్లలో ఒక్కసారిగా ఆపినవాళ్లే మెల్లగా తగ్గించినవాళ్ల కన్నా ఎక్కువమంది గట్టున పడ్డారని 2016లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. నాలుగు వారాల తర్వాత 49 శాతం, 39 శాతం. వాళ్లు చూసింది ఎక్కువ కాల్చేవాళ్లనే. అయినా ఒకటి కాల్చేవాడు ఇంకేం తగ్గిస్తాడు? అతనికి మిగిలింది సున్నా ఒక్కటే.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. డాబా మీద నుంచి దిగినాయన చొక్కా వాసన చూసి కేకలేస్తే, అతను చొక్కా మార్చుకుని దిగడం నేర్చుకుంటాడు. దాపరికమే ఈ అలవాటుకు ఎరువు. అడగాల్సింది ‘ఎందుకు తాగావ్’ అని కాదు, ‘ఎవరితో ఉన్నప్పుడు ఆగలేకపోతున్నావ్’ అని. మాల వేసుకున్నప్పుడు ఇల్లంతా అతనికి తోడు నిలబడింది కదా, అదే తోడు మాల లేనప్పుడూ కావాలి.

మానితే దక్కేది తక్కువేం కాదు. పొగ ఆపిన ఏడాదికి గుండె జబ్బు అదనపు ముప్పు సగానికి పడిపోతుంది. దీనికి ఖర్చు లేదు, ఆపరేషన్ లేదు. సిగరెట్టు మానితే ఒళ్లు పెరుగుతుందని భయపడేవాళ్లకు కూడా ఊరట: ఆ బరువు ఎక్కువగా పెరిగేది బాగా కాల్చేవాళ్లకే.

విడిగా కొనేవాళ్లు పెట్టె మీద ఎన్నడూ చూడని ఆ నంబరు ఇది: 1800-11-2356. జాతీయ పొగాకు విరమణ సహాయ కేంద్రం, ఉచితం. తెలుగులో మాట్లాడేవాళ్లూ ఉంటారు. రోజుకు ఎన్ని కాలుస్తారని అడుగుతారు, ‘ఒక్కటే’ అంటే ఫోను పెట్టేయరు. మాట్లాడటం ఇష్టం లేకపోతే 011-22901701కి మిస్డ్ కాల్ ఇస్తే మొబైల్‌కు సందేశాలు వస్తాయి. సహాయ కేంద్రానికి సెలవు సోమవారం. మిగతా రోజుల్లో, ఆదివారం కూడా, రాత్రి ఎనిమిదిదాకా లైను తెరిచే ఉంటుంది.